పాఠం 11: దోయాంగ్ డేగలు – పిల్లలకు ప్రకృతిని నేర్పడం

11.1 పరిచయం



తొలకరి వాన పడిన సాయంత్రం ఇంటి దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుకోవడం మీరు చూసే ఉంటారు. పుట్టలోంచి బారులుగా లేచి, కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుని నేలమీద పాకే చెదపురుగులే ఉసిళ్లు. కొన్ని ఊళ్లలో వీటిని పట్టి వేయించుకుని తింటారు. కాకులు, నల్లంచి పిట్టలు, బల్లులు, కప్పలకు ఆ పూట పండగే.

ఈ ఉసిళ్ల కోసమే ప్రతి ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో లక్షలాది డేగలు మన దేశపు ఈశాన్య కొసన ఉన్న నాగాలాండ్‌కు వస్తాయి. వాటి పేరు ఆమూర్ డేగలు. రష్యా, చైనాల సరిహద్దున పారే ఆమూర్ నది పేరు మీద వాటికి ఆ పేరు వచ్చింది. ఒక్కో పక్షి బరువు సుమారు 150 గ్రాములు, అంటే పావుకిలోకు బాగా తక్కువ. ఇంత చిన్న పక్షి ఉత్తర చైనా, సైబీరియా ప్రాంతాల్లో పిల్లలను పెంచి, చలి ముదిరే ముందు బయలుదేరి, మన దేశం మీదుగా ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగానికి పోతుంది. వేసవిలో మళ్లీ వెనక్కి వెళ్తుంది. రానూ పోనూ దాని ప్రయాణం ఇరవై వేల కిలోమీటర్లు దాటుతుంది.

ఈ పాఠం ఆ డేగల గురించి. అంతకంటే ఎక్కువగా, ఆ డేగలను చంపిన ఊరు, వాటిని కాపాడిన ఊరు ఒకటే ఎలా అయిందన్న విషయం గురించి. ఆ మార్పులో పిల్లలకు పెద్ద భాగం ఉంది. మీలో చాలామంది తల్లులు, తండ్రులు, అన్నలు, అక్కలు. ఈ పాఠం చదివాక వలస పక్షులకు వచ్చే ముప్పును వివరించగలుగుతారు. మీ ఇంటి పిల్లలకు అడవి జీవుల గురించి ఏది, ఎలా చెప్పాలో ఆలోచించగలుగుతారు. పిల్లలు వేసే కష్టమైన ప్రశ్నలకు నిజాయితీగా జవాబు వెతకగలుగుతారు.

11.2 పాంగ్తి ఊళ్లో జరిగినది

నాగాలాండ్‌లోని వోఖా జిల్లాలో దోయాంగ్ అనే నది ఉంది. దానిపై కట్టిన జలవిద్యుత్ కేంద్రం 2000 సంవత్సరంలో పని మొదలుపెట్టింది. ఆనకట్ట వెనుక పెద్ద జలాశయం ఏర్పడింది. దాని చుట్టుపక్కల పాంగ్తి, ఆశా, సుంగ్రో అనే ఊళ్లు ఉన్నాయి. అక్కడి వారు లోథా నాగా తెగకు చెందినవారు. నది పక్కనున్న సాగు భూములు కొన్ని నీట మునిగాయి. భూమి పోయినవారిలో కొందరు జలాశయంలో చేపలు పట్టడం మొదలుపెట్టారు. ఈ విషయం గుర్తుంచుకోండి. కథలో దీని అవసరం తరువాత వస్తుంది.

జలాశయం ఏర్పడిన తరువాత దాని చుట్టూ ఉన్న చెట్ల మీద ఆమూర్ డేగలు పెద్ద పెద్ద గుంపులుగా రాత్రిళ్లు నిద్రించసాగాయి. పగలు ఉసిళ్లను, ఇతర పురుగులను తిని కొవ్వు పెంచుకుంటాయి. ఆ కొవ్వే వాటి దారిబత్తెం. మన దేశాన్ని దాటాక అరేబియా సముద్రం మీద మూడు వేల కిలోమీటర్లకు పైగా ఎక్కడా ఆగకుండా ఎగరాలి. సముద్రం మీద వాలడానికి కొమ్మ ఉండదు కదా!

చేపలు పట్టే నైలాను వలలను ఊరివారు చెట్ల మధ్య నిలువుగా కట్టసాగారు. సందెవేళ గూటికి చేరే డేగలు, తెల్లవారుజామున లేచే డేగలు ఆ వలల్లో చిక్కుకునేవి. కొన్నింటిని ఇంట్లో వండుకునేవారు, మిగిలినవాటిని పొగబెట్టి ఆరబెట్టి, లేదా ప్రాణంతోనే మోసుకెళ్లి, ఊరూరా అమ్మేవారు. 2012 అక్టోబరులో కొందరు ప్రకృతి పరిశీలకులు అక్కడికి వెళ్లి ఈ వేటను చిత్రించి లోకానికి చూపించారు. వలస ముమ్మరంగా ఉన్న రోజుల్లో రోజుకు 12,000 నుండి 14,000 పక్షులు చనిపోతున్నాయని వారు అంచనా వేశారు. ఆ ఒక్క రుతువులోనే లక్షా ఇరవై వేలకు పైగా పక్షులు చనిపోయి ఉంటాయని వారి లెక్క.

ఆ చిత్రాలు చూసినవారికి కోపం వచ్చింది. రావడం సహజమే. కానీ దూరాన కూర్చుని పాంగ్తి వారిని దుర్మార్గులనడం సులువు. భూమి నీట మునిగినవాడికి, పిల్లవాడి బడి ఫీజు కట్టవలసినవాడికి ఆకాశం నుండి ఏటా దిగివచ్చే ఆదాయం అది. పైగా ఆ పక్షులు ఎక్కడ పుడతాయో, ఎక్కడికి పోతాయో అప్పటివరకు వారికి ఎవరూ చెప్పలేదు. ఎన్ని పట్టినా మళ్లీ వస్తూనే ఉన్నాయి కనుక తరగని సొమ్ము అనుకున్నారు.

మరుసటి సంవత్సరం, అంటే 2013లో, అదే చోట వలలు లేవలేదు. డేగల వేట ఆగిపోయింది.

11.3 ఒక్క ఏడాదిలో ఎలా సాధ్యమైంది?

వన్యప్రాణుల సంరక్షణ చట్టం మన దేశంలో 1972 నుండి ఉంది. వలస పక్షులను కాపాడతామని ఇతర దేశాలతో చేసుకున్న ఒప్పందంలో కూడా భారతదేశం 1983 నుండి సభ్యదేశం. అయినా 2012 వరకు వేట సాగింది. కనుక చట్టం ఒక్కటే ఈ మార్పు తెచ్చిందని చెప్పలేము. అలాగని చట్టానికి పని లేదని కూడా కాదు. అటవీశాఖ, జిల్లా అధికారులు కదిలారు. గ్రామసభలు సమావేశమై వేటను నిషేధిస్తూ తీర్మానాలు చేశాయి. నాగా పల్లెల్లో గ్రామసభ మాటకు ఎంతో బలం ఉంటుంది. చర్చి పెద్దలు కూడా మాట్లాడారు.

వీటితోపాటు మరొక పని జరిగింది. పాత్రికేయురాలు బానో హరాలు, ఆమె సహచరులు నాగాలాండ్ వన్యప్రాణి, జీవవైవిధ్య సంరక్షణ ట్రస్టు తరఫున ఆ ఊళ్లలో పిల్లలకు ప్రకృతి సంఘాలు ఏర్పాటు చేశారు. పిల్లలు ఆమూర్ డేగ బొమ్మలు గీశారు, ప్రపంచ పటం మీద దాని దారిని వేలితో దిద్దారు. ఈ పక్షి మన ఊరిది కాదు, మన ఊరికి వచ్చిన అతిథి అని తెలుసుకున్నారు. ఆ మాట ఇంటికి తీసుకుపోయారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వల కట్టినది ఆ పిల్లల తండ్రులే. బడిలో ఉపాధ్యాయుడు "డేగలను చంపేవారు పాపాత్ములు" అని చెబితే ఆ పిల్లవాడు ఇంటికెళ్లి తండ్రి ముఖం ఎలా చూస్తాడు? అలా చెప్పిన పాఠం పిల్లవాడికీ తండ్రికీ మధ్య గోడ కడుతుంది. పక్షికి మేలు జరగదు. "మన ఊరి ఆకాశంలోకి ఇంతటి అద్భుతం వస్తోంది, దాన్ని చూడడానికి లోకమంతా మన ఊరికి వస్తుంది" అన్న మాటలో ఎవరిమీదా నింద లేదు, గౌరవం ఉంది. నా అభిప్రాయంలో ఈ పాఠంలో మీరు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఇదే. పిల్లలకు నేర్పేటప్పుడు వారి ఇంటివారిని దోషులుగా నిలబెట్టకూడదు.

2013 నవంబరులో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, హంగరీ దేశపు పక్షి నిపుణులు, నాగాలాండ్ అటవీశాఖ కలిసి మూడు డేగలకు ఉపగ్రహానికి సంకేతాలు పంపే చిన్న పరికరాలు అమర్చారు. ఒక్కొక్కటి సుమారు ఐదు గ్రాముల బరువు. ఆ మూడు పక్షులకు నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. తన ఊరి పేరున్న పక్షి ఆఫ్రికాలో ఎక్కడ ఉందో పాంగ్తి పిల్లవాడు అడిగి తెలుసుకునే రోజు వచ్చింది. నాగా, పాంగ్తి అనే పక్షులు ఆఫ్రికా, చైనాలు చుట్టి 2014లో తిరిగి దోయాంగ్ ప్రాంతానికి చేరాయి.

వేట మానిన కుటుంబాల నష్టం సంగతి? డేగలను చూడటానికి యాత్రికులు వస్తున్నారు. కొందరు ఇళ్లలో వారికి బస ఇస్తున్నారు. కానీ ఆ రాబడి అందరికీ సమానంగా అందదు, ఏడాదిలో కొద్ది వారాలే ఉంటుంది. ఆదాయం వదులుకున్నవారిలో అందరికీ దానికి సరిపడా పని దొరికిందని చెప్పడం నిజం కాదు. పక్షిని కాపాడినందుకు అయ్యే ఖర్చును పేదవాడి మీదే వదిలేస్తే ఆ కాపుదల ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న అక్కడా ఉంది, మన ఊళ్లలోనూ ఉంది.

పాఠంలోని ప్రశ్నలు – 1

1. ఆమూర్ డేగలు దోయాంగ్ వద్ద ఎందుకు ఆగుతాయి?
2. వేటకు వాడిన వలలు అసలు ఏ పని కోసం కొన్నవి?
3. చట్టం 1972 నుండి ఉన్నా వేట 2012 వరకు ఎందుకు సాగిందో మీ మాటల్లో రాయండి.

11.4 మన ఇంట్లో, మన ఊళ్లో

మనకు దోయాంగ్ దూరం. కానీ పక్షులను కాపాడే ఊళ్లు దూరం కావు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద కిక్కిరిసి ఉంటాయి. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటి రాకను ఊరివారు వానలకు, పంటలకు శుభసూచకంగా భావిస్తారు. నేలపట్టు చెరువు గూడబాతులకు పుట్టినిల్లు. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని రైతులకు తెలుసు. ఈ ఊళ్ల పిల్లలకు ఎవరూ పుస్తకం తెరిచి పాఠం చెప్పలేదు. అమ్మమ్మ కొట్టవద్దంది, అందుకని కొట్టలేదు.

కోస్తా పల్లెల్లో కోతల సమయంలో వరికంకులను కుచ్చులుగా అల్లి ఇంటి వసారాలోనూ గుడి మండపంలోనూ వేలాడదీసేవారు. పిచ్చుకలు వచ్చి గింజలు తినేవి. ఇప్పటికీ అక్కడక్కడ చేస్తున్నారు. ఒక కుచ్చు వేలాడదీసి, రోజూ ఎన్ని పిచ్చుకలు వచ్చాయో గోడమీద బొగ్గుతో గీతలు పెట్టమని ఆరేళ్ల పిల్లకు చెప్పి చూడండి. నెల తిరిగేసరికి ఆ పిల్ల ఆడ పిచ్చుకను, మగ పిచ్చుకను వేరుగా గుర్తుపడుతుంది. మెడ కింద నల్ల మచ్చ ఉన్నది మగది అని ఆమే మీకు చెబుతుంది.

సుప్రీంకోర్టు 1991 నవంబరులో ఇచ్చిన తీర్పులో పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని చెప్పింది. అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను కాపాడడం, ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతుంది. 1976లో రాజ్యాంగ సవరణ ద్వారా దీన్ని చేర్చారు. బడి పుస్తకాల్లో ఇప్పుడు ఈ విషయాలు ఉన్నాయి. అయితే చెట్టెక్కని పిల్లవాడు "చెట్లు ఆరు ప్రయోజనాలు" బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటున్నాడు. అందుకే ఇంటి పాఠం కావాలి.

ఇంటి పాఠానికి ఉపన్యాసం అక్కరలేదు. ఈ సంభాషణ చదవండి. కొడుకు ఉండేలుతో గువ్వను కొట్టి తెచ్చాడు.

"అమ్మా, చూడవే, ఒక్క దెబ్బకే పడింది!"

"గురి బాగానే ఉంది నాన్నా. ఏ చెట్టు మీద కొట్టావు?"

"బావి దగ్గరి తుమ్మచెట్టు మీద."

"ఒక్కటే ఉందా, జంటగా ఉన్నాయా?"

"రెండున్నాయి. ఇంకోటి ఎగిరిపోయింది."

"అయితే పద. గూడేమైనా ఉందేమో చూసొద్దాం. ముట్టుకోకు, కింద నుంచే చూడు."

వాళ్లు వెళ్లి చూశారు. నాలుగు పుల్లలు పేర్చిన గూటిలోంచి రెండు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తల్లి ఏమీ అనలేదు. కొడుకు మరునాడు పొద్దున్నే లేచి, రెండో గువ్వ తిరిగి వచ్చిందా లేదా అని బావి దగ్గరికి పరిగెత్తాడు.

ఈ తల్లి తిట్టలేదు. పిల్లవాడి నేర్పును కాదనలేదు. ప్రశ్నలు అడిగి, వాడే చూసేలా చేసింది. మీ ఇంట్లో ఇలా ఎప్పుడైనా జరిగిందా? మీరు అప్పుడేమన్నారు?

పిల్లలు గూటిలోంచి జారిపడిన చిలుక పిల్లను తెచ్చి పంజరం అడుగుతారు. మన దేశపు చిలుకలను పంజరంలో పెంచడం, అమ్మడం చట్టరీత్యా నేరమని చాలామందికి తెలియదు. చిలుక జోస్యం చూసి పెరిగిన మనకు ఇది నమ్మశక్యంగా ఉండదు కూడా. పిల్ల పక్షికి గాయం లేకపోతే దాన్ని దొరికిన చెట్టు మీదే, పిల్లికి అందనంత ఎత్తున ఉంచి దూరంగా రావడం మంచిది. సాధారణంగా తల్లి పక్షులు దగ్గరలోనే ఉంటాయి.

11.5 భయం, అసహ్యం

నెమలిని, జింకను ప్రేమించమని చెప్పడం కష్టం కాదు. పాము, గబ్బిలం, రాబందు దగ్గర అసలు పని మొదలవుతుంది.

రాబందు ముఖం అపశకునమని మనవాళ్లు ఇంటి మీద వాలనిచ్చేవారు కాదు. 1990 దశకంలో భారతదేశం, పాకిస్తాన్, నేపాల్ దేశాల్లో రాబందులు కుప్పకూలాయి. తెల్లవీపు రాబందులు 1992, 2007 సంవత్సరాల మధ్య మన దేశంలో నూటికి 99కి పైగా తగ్గిపోయాయి. కారణం ఏళ్ల తరబడి తెలియలేదు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందే దీనికి మూలమని 2004లో తేలింది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తింటే రాబందుల మూత్రపిండాలు పాడై చనిపోతున్నాయి. మన దేశం పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించింది. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదు. మీ ఇంట్లో గేదెలుంటే, పశువైద్యుడు సూది వేసేటప్పుడు మందు పేరు అడిగి తెలుసుకోమని మీ అమ్మాయికి చెప్పండి. పటంలో రాబందు బొమ్మ చూపించడం కంటే ఇది పెద్ద పాఠం.

పాముల విషయంలో భయం పూర్తిగా పోగొట్టకూడదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ప్రాణాలు తీస్తాయి. కానీ ఎలుకలను తిని ధాన్యం కాపాడే జెర్రిపోతును కూడా కర్రతో కొట్టి చంపుతున్నాము. పిల్లలకు చెప్పవలసినది ఇంతే: ఏ పామునూ పట్టుకోవద్దు, కొట్టవద్దు, వెనక్కి నడిచి పెద్దలను పిలువు. కాటు వేస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది, మంత్రంలో ఉండదు. నాగులచవితినాడు పుట్టలో పోసే పాలు పాము ఆహారం కాదని కూడా పిల్లలకు చెప్పవచ్చు. పండుగ మానమని చెప్పనక్కరలేదు.

11.6 "మరి అడవిపంది మన చేను తినేస్తే?"

ఈ ప్రశ్న మీ పిల్లలు తప్పక అడుగుతారు. అడగకపోతే మీరు నిజం చెప్పడం లేదన్నమాట. వేరుశనగ చేనును ఒక్క రాత్రిలో పందుల గుంపు తవ్విపోస్తే, కోతులు జామతోటను ఖాళీ చేస్తే, ఆ ఇంటి పిల్లవాడికి "జంతువులు మన నేస్తాలు" అన్న వాక్యం వెటకారంగా వినిపిస్తుంది.

నష్టం నిజమేనని ముందు ఒప్పుకోండి. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టే వీలుంది. నష్టం జరిగిన చేనును అలాగే ఉంచి, ఫోటో తీసి, ఆలస్యం చేయకుండా తెలియజేయాలి. పరిహారం ఆలస్యమవుతుంది, చాలకపోవచ్చు. అయినా దరఖాస్తు రాయడం రాని తండ్రికి చదువుకుంటున్న బిడ్డ రాసిపెట్టగలదు. పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అది నేరం. ఆ తీగకు పందుల కంటే ముందు పక్క పొలం రైతు, నీళ్లు కట్టడానికి వెళ్లిన సొంత కొడుకు బలైన ఉదంతాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి.

కృత్యం

మీ ఇంట్లో ఐదేళ్లు దాటిన ఒక పిల్లను లేదా పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వరుసగా ఏడు రోజులు ఒకే చెట్టు దగ్గర, ఒకే వేళకు పావుగంట కూర్చోండి. మీరు పేర్లు చెప్పవద్దు. పిల్లలనే పేర్లు పెట్టనివ్వండి ("తోక ఊపే పిట్ట", "అరిచే పిట్ట"). ఏడో రోజున మీ ఊళ్లో ఆ పక్షిని ఏమంటారో ఒక ముసలివారిని అడిగి రండి. నోటుపుస్తకంలో పిల్లలు పెట్టిన పేరు, ఊరి పేరు పక్కపక్కన రాయండి.

పాఠంలోని ప్రశ్నలు – 2

1. డైక్లోఫెనాక్ మందు రాబందులకు ఎలా చేరింది?
2. ఉండేలు పట్టిన పిల్లవాడి తల్లి చేసిన పనిలో మీకు నచ్చినది, నచ్చనిది రాయండి.
3. పాంగ్తిలో మీరు ఉపాధ్యాయులైతే, వల కట్టే తండ్రి ఉన్న పిల్లవాడితో మొదటి రోజు ఏమి మాట్లాడతారు? పది వాక్యాలకు మించకుండా రాయండి.

జవాబులు

ప్రశ్నలు – 1: (1) ఉసిళ్లు, ఇతర పురుగులు తిని, సముద్రం దాటడానికి కావలసిన కొవ్వు పెంచుకోవడానికి. (2) జలాశయంలో చేపలు పట్టడానికి. (3) మీ సొంత జవాబు. భూమి మునగడం, ఆదాయం, పక్షి ప్రయాణం గురించి తెలియకపోవడం అనే అంశాలు అందులో ఉన్నాయేమో చూసుకోండి.

ప్రశ్నలు – 2: (1) ఆ మందు వేసిన పశువు చనిపోయినప్పుడు దాని మాంసం తినడం ద్వారా. (2), (3) మీ సొంత జవాబులు. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు వీటిని వెంట తెచ్చుకుని, తోటి అభ్యాసకులకు చదివి వినిపించండి.